రెక్కలు లేవని ధ్రువపత్రం

ఈ కథ కూడా ఒక పెద్ద అడవిలోనే జరిగింది. అడవి అన్నాం కదా అని పులి ఎక్కడ, ఏనుగు ఎక్కడ అని వెతక్కండి. కథ చెప్పేవాడికి పులితో పరిచయం లేదు. పరిచయమైనవాళ్ళెవరూ కథ చెప్పడానికి తిరిగి రాలేదు. వాడి అనుభవానికి అందిన అడవల్లా మోకాలెత్తు వరిమడి. అందులో ఉన్న మృగాలు నూకగింజంత పురుగులు. కథకుడి స్థాయిని బట్టే అడవి కూడా.

ఆ పురుగుల్ని రైతులు సుడిదోమ అంటారు. చెవి దగ్గర గుయ్యిమనే దోమ కాదిది. గోధుమరంగులో ఉంటుంది. వరి దుబ్బు మొదట్లో, నీళ్ళకి బెత్తెడు పైన, గుంపులుగా కూర్చుని, మూతి గుచ్చి రసం తాగుతుంది. అంతకుమించి దానికి వేరే వృత్తి లేదు. అయినా ఆ తాగడానికి కూడా ఒక పాలకవర్గం, ఒక అధ్యక్షుడు, ఒక ఆఫీసు, ఆఫీసులో ఒక గుమాస్తా అవసరమయ్యారు.

ఆ గుమాస్తా పేరు రంగధామం.

రంగధామం మంచి పనివాడు. ఒక దుబ్బులో మూడో పిలక, అంటే మూడో కాడ, మొదలు ఆయన ఆఫీసు. ఎండి రాలిన ఆకు పేలికలు కాగితాలు. సిరాకి కూడా కొదవ లేదు. సుడిదోమలు తాగిన రసంలో సగం వెనకనుంచి తియ్యటి బంకగా కారిపోతుంది. ఆ బంక మీద రెండురోజుల్లో నల్లటి మసి పడుతుంది. ఆ మసిలో ముంగాలు ముంచి రాసేవాడు. సర్కారు సిరా ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించకుండా రాసుకుపోవడమే ఉద్యోగం అని ఆయన అభిప్రాయం.

ఆ మడికి నాట్లు పడి డెబ్భై రోజులు. సుడిదోమల కాలంలో అది రెండు మూడు తరాల చరిత్ర. అంత చరిత్ర ఉన్నాక పూర్వవైభవం దానంతట అదే వస్తుంది. వీళ్ళకీ వచ్చింది.

"మన మూలపురుషులు వరిమొక్కతో పాటే ఈ బురదలోంచి మొలిచారు. మనం ఈ మట్టి బిడ్డలం," అని ప్రతి సభలోనూ అధ్యక్షుడు దుబ్బేశ్వరరావు చెప్పేవాడు.

రంగధామానికి అసలు సంగతి తెలుసు. వాళ్ళమ్మ పోయేముందు చెవిలో చెప్పింది.

"మొలవడమేమిట్రా నా మొహం. ఎక్కడో సముద్రం పక్క మడిలో పుట్టాం. అక్కడ రసం అయిపోతే గాలికెగిరి ఇక్కడ పడ్డాం. దారి పొడుగునా నాకు వాంతులే. ఇక్కడ తిండి బాగుండి, నీలాంటి పొట్టిరెక్కల పిల్లల్ని కన్నాం. ఆ తర్వాత ఎగరడమన్న మాటే ఎత్తలేదు."

ఆవిడ రెక్కలు ఒంటికన్నా పొడుగు. చచ్చేదాకా వాటికి సిగ్గుపడి ఆకు చాటునే బతికింది. రంగధామం ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఉద్యోగంలో ఉన్నవాడు చరిత్ర తెలుసుకోవచ్చు గానీ తెలిసినట్టు కనబడకూడదు.

మడికి ఒక మనిషి ఉన్నాడు. వాడి ముఖం ఎవరూ చూడలేదు, పిక్కల దాకానే చూశారు. పక్కవాడి మడి కన్నా తన మడి నిగనిగలాడాలని వాడి పంతం. ఆ పంతం కొద్దీ నాట్లు దగ్గర దగ్గరగా వేయించాడు, మధ్యలో కాలిబాట కూడా వదల్లేదు. వీలైనప్పుడల్లా యూరియా చల్లి వెళ్ళేవాడు. అది పడ్డ మూడోనాటికి రసం పాయసంలా తయారయ్యేది. దుబ్బేశ్వరరావు వెంటనే సభ పెట్టి, 'ఇంటింటికీ తీపి రసం' పథకం తమదేనని ప్రకటించేవాడు.

దుబ్బుల మధ్యకి గాలి రాదు, ఎండ రాదు, తిండికి లోటు లేదు. పురుగుకి ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది. దుబ్బుకి పదిమంది ఉండేవాళ్ళు రెండువందలమంది అయ్యారు. ఎవరి మూతి ఎవరి నడుంలో గుచ్చుకుంటోందో తెలియని పరిస్థితి వచ్చింది.

"జనం ఎక్కువైపోయారండీ," అని సభలో ఎవరో లేచి అన్నారు.

"జనం ఎక్కువ కాలేదు," అన్నాడు దుబ్బేశ్వరరావు. "మనవాళ్ళు కానివాళ్ళు ఎక్కువయ్యారు."

ఆయన కడుపు బిందెలా ఉంటుంది. రెక్కలు, నిరుడు కుట్టించిన చొక్కా ఈ ఏడు తొడుక్కున్నట్టు, వీపు సగంలోనే ఆగిపోయి ఉంటాయి.

"రెక్కలున్నవాడు ఏనాటికైనా ఎగిరిపోయేవాడే కదా. ఎగిరిపోయేవాడికి మన రసం ఎందుకు?"

ఈ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న వేసినవాణ్ణి జనం మేధావి అంటారు. సభ వెనక కూర్చున్న గండుచీమ నాగులు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. నాగులుకి సుడిదోమల ఓటుహక్కు లేదు. కానీ అధ్యక్షుడి వెనకనుంచి కారే తియ్యటి బంకే వాడి మూడుపూటలా భోజనం.

"దొరవారి ముందునుంచి వచ్చేదీ తేనే, వెనకనుంచి వచ్చేదీ తేనే," అన్నాడు నాగులు, మూతి తుడుచుకుంటూ.

తీర్మానం అయింది. రెక్క కొస కడుపు కొసని దాటరాదు. దాటినవాడు బయటివాడు. బయటివాడు దుబ్బు మొదట్లో కూర్చోరాదు. ఆకు కొసకి వెళ్ళిపోవలెను. ఆకు కొసన ఎండ, గాలి తప్ప ఏమీ ఉండదు. దాటనివాడికి 'రెక్కలు లేవని ధ్రువపత్రం' ఇవ్వబడును. కొలత, సంతకం, ముద్ర: గుమాస్తా రంగధామం.

రంగధామం ఒక గరికపోచ తెచ్చుకుని, వీపు మీద పెట్టి కొలిచి, పత్రాలు రాసివ్వడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సుడిదోమ ఒంట్లో ఒక ఏర్పాటుంది. చోటు సరిపడా ఉంటే పొట్టిరెక్కల పిల్లలు తయారవుతారు. ఇరుకైపోతే, వేరే చోటు చూసుకోండని చెప్పినట్టు, పొడుగురెక్కల పిల్లలు తయారవుతారు. ఈ సంగతి ఒంటికి తెలుసు. పాలకవర్గానికి తెలియదు.

వారం తిరక్కుండా ప్రతి ఇంట్లోనూ ఒక పొడుగురెక్కల పిల్లో పిల్లాడో బయటపడ్డారు. దుబ్బేశ్వరరావు అత్యవసర సభ పెట్టాడు.

"చూశారా, కుట్ర ఎంతదాకా వచ్చిందో. బయటివాళ్ళు మన ఇళ్ళల్లోనే పుట్టేస్తున్నారు."

సరిగ్గా ఆ రోజునే రంగధామం కూతురు హైమ చివరి కుబుసం విడిచింది.

హైమ వాళ్ళకి ఒక్కతే. ఆయన భార్య అచ్చమాంబ పెట్టిన మూడువందల గుడ్లలో, సాలీళ్ళ పాలూ అక్షింతల పురుగుల పాలూ కాగా మిగిలింది ఆ పిల్లే. అందుకని గారంగా పెంచారు. పెంచిన దానికి గుర్తుగా పిల్లకి తిండి దగ్గర నూటెనిమిది వంకలు.

"అమ్మా, వీపు బరువుగా ఉందే," అంది హైమ.

అచ్చమాంబ చూసింది. 

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. ముందు అరవనని ఒట్టు పెట్టండి."

రంగధామం ఒట్టు పెట్టి వచ్చాడు. కడుపు దాటి, ఇంకా అవతలికి, గాజుకాగితంలా మెరుస్తూ సాగిపోయిన రెక్కలు. ఆయన కళ్ళు అలవాటు కొద్దీ వాటిని కొలిచేశాయి.

"మీ అమ్మ పోలిక," అంది అచ్చమాంబ. "మా వైపు ఎవరికీ ఇంత పొడుగు లేవు."

"మీ మేనత్తకో?"

"ఆవిడకి పొడుగు నోరే."

"దీన్ని ఆకు కొసకి పంపితే నాలుగురోజులు బతకదు. అసలే నాలుగు గుక్కలకి మించి తాగని పిల్ల."

"మీ చేతిలో పనే కదండీ. లేవని రాసెయ్యండి."

"లేనివాటిని లేవని రాయడం వేరు, ఉన్నవాటిని లేవని రాయడం వేరు. ఉన్నవి లేవని రాయాలంటే నియమం కావాలి," అని రంగధామం తీర్మానం కాగితం బయటికి తీశాడు. ఒకటికి పదిసార్లు చదివాడు. పదోసారికి ఆయన మొహం విప్పారింది.

"అచ్చమాంబా, ఇందులో ఏముందో చూడు. రెక్క కొస కడుపు కొసని దాటరాదు. రెక్క ఇంతే ఉండాలని ఎక్కడా లేదు. రెక్క జోలికి మనం పోనక్కర్లేదు. కడుపునే రెక్క దాటించేద్దాం."

"ఎలా దాటుతుంది?"

"తాగితే."

అప్పటినుంచి మొదలైంది హైమకి శిక్ష. పొద్దున ఒక పిలక, మధ్యాహ్నం ఒక పిలక, పొద్దుగూకేలోపు ఇంకొకటి.

"ఇది చేదుగా ఉంది నాన్నా."

"నిన్న తియ్యగా ఉందన్నావు."

"నిన్న తియ్యగానే ఉంది. ఇవాళ అడుగంటిన వాసనొస్తోంది."

"వంకలు పెట్టకు. అందరూ తాగడంలేదూ?"

"అందరూ తాగుతున్నారు కాబట్టే అడుగంటింది."

రంగధామం వినిపించుకోలేదు. ఆయనకి వినబడేది ఒక్కటే: హైమ రెక్కలు కొలిచే పరీక్షకి ఇంకా అయిదురోజులు.

ఈ ఉపాయం ఎవరికీ చెప్పవద్దని భార్యకి గట్టిగా చెప్పాడు. అచ్చమాంబ ఎవరికీ చెప్పలేదు. పక్క పిలక పేరమ్మకి మాత్రం చెప్పింది, అదీ ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. పేరమ్మ కూడా ఒట్టు వేయించుకోకుండా ఎవరికీ చెప్పలేదు. ఆ రకంగా మధ్యాహ్నానికల్లా మడిలో సగం మంది ఒట్టుతో ఉన్నారు.

మర్నాడు నాలుగో దుబ్బులో ఒక బోర్డు వెలిసింది. 'నాగులు కడుపు కోచింగ్ సెంటర్. మూడు పూటల్లో కడుపు గ్యారంటీ. పెరగనివారికి మళ్ళీ ఉచితంగా తాగించబడును.'

నాగులు దగ్గర పద్ధతి కచ్చితంగా ఉండేది. పిల్లల్ని తెల్లారకముందే లేపి, వరసల్లో కూర్చోబెట్టి, మూతులు గుచ్చించి, మధ్యలో తల తిప్పనిచ్చేవాడు కాదు. తాగినదంతా ఎలాగూ వెనకనుంచి బంకగా కారేది. అది నాగులు బంధువులు ఎత్తుకుపోయేవారు. పిల్లల భవిష్యత్తు మీద అంత శ్రద్ధ ఉన్న సంస్థ ఆ మడిలో ఇంకోటి లేదు.

మొదటి పరీక్షాఫలితాలు వచ్చిన రోజు నాగులు గొంతు చించుకున్నాడు. "ఒకటి మావాడే. రెండు మావాడే. మూడు, అయిదు, తొమ్మిది మావాళ్ళే. నాలుగు కూడా మా సెంటర్లో చేరదామనుకున్నవాడే."

రంగధామం గరికపోచ పెట్టి కొలుస్తూ పోయాడు. జానెడు రెక్కలున్నా సరే, కడుపు దానికన్నా ఒక వెంట్రుకవాసి అవతలికి ఉంటే రెక్కలు లేనట్టే. ఒకడి రెక్కలు మొహానికి తగిలి గుమాస్తా తుమ్మాడు కూడా. తుమ్మి, "రెక్కలు లేవు," అని రాశాడు.

ఆ కడుపులన్నీ పెరగడానికి కావలసింది మరి వరిలోంచే రావాలి కదా. మడి నడిమధ్యన మూడు దుబ్బులు పసుపు పచ్చబడ్డాయి. రెండురోజులకి అవి గడ్డిలా ఎండి, వాటి చుట్టూ ఇంకో వరస పసుపు పచ్చబడింది. పైనుంచి చూస్తే ఎవరో బొంగరం తిప్పినట్టు గుండ్రంగా ఉండేదిట. దాన్నే రైతులు సుడి అంటారు. కిందనున్న దోమలకి ఆ రంగు మాత్రమే కనబడింది.

"పండింది," అని ప్రకటించాడు దుబ్బేశ్వరరావు. "నూట ముప్ఫై రోజులకి పండాల్సిన మడి మన పరిపాలనలో ఎనభై అయిదు రోజులకే పండింది. ఎటు చూసినా బంగారం."

హైమ తండ్రి వెనకనుంచి మెల్లిగా అడిగింది. "పండితే గింజలుండాలి కదా నాన్నా?"

"ఉష్, సభ జరుగుతోంది."

హైమ పరీక్ష రోజు రానే వచ్చింది. రంగధామం ధైర్యంగానే ఉన్నాడు. కొలిచేది తనే, రాసేది తనే. హైమ కడుపు కూడా ఒక మోస్తరుగా తయారైంది. కానీ ముందురోజు అధ్యక్షుడికి ఒక ఆకాశరామన్న ఉత్తరం అందింది. గుమాస్తాగారి అమ్మాయికి నిలువెత్తు రెక్కలున్నాయనీ, విచారించవలసిందనీ. కింద 'ఇట్లు, పేరమ్మతో ఏ సంబంధమూ లేని ఒక శ్రేయోభిలాషి' అని ఉంది.

దుబ్బేశ్వరరావు స్వయంగా వచ్చి రంగధామం పక్కన కూర్చున్నాడు.

"నీ మీద అనుమానం ఉండి కాదయ్యా రంగధామం. ఊరికే, చూసి పోదామని."

హైమ వచ్చి నిలబడింది. రంగధామం గొంతు తగ్గించి, "ఊపిరి బిగబట్టవే," అన్నాడు. పిల్ల బిగబట్టింది. కడుపు రెక్క కొస దాకా వచ్చింది, ఇంకొంచెం వచ్చింది. రంగధామం గరికపోచ వీపు మీద పెట్టాడు. హైమకి చక్కిలిగింత. కిసుక్కున నవ్వింది. బిగబట్టిన ఊపిరి జారింది, కడుపు వెనక్కి పోయింది.

రంగధామం పోచని ఒక పక్కకి వంచాడు.

"పోచ వంకరగా ఉన్నట్టుంది," అన్నాడు దుబ్బేశ్వరరావు.

"గాలికండి."

"ఇక్కడ గాలి ఎక్కడిదయ్యా. నా పరిపాలనలో ఏనాడైనా గాలి వచ్చిందా?"

రాలేదు. రంగధామం పోచ సరిచేశాడు. వెంట్రుకవాసి తక్కువ. ముంగాలు మసిలో ముంచి, 'తిరస్కరించడమైనది' అని రాశాడు. అంతకుముందు వందలసార్లు రాసిన మాటే. అప్పుడెప్పుడూ అందులో అన్ని అక్షరాలున్నట్టు ఆయనకి తోచలేదు.

హైమ ఆకు కొసకి వెళ్ళిపోయింది. అప్పటికే అక్కడ తనలాంటివాళ్ళు వందమంది ఉన్నారని కేకేసి చెప్పింది. వాళ్ళల్లో కొందరికి అజీర్తి, కొందరికి బద్ధకం, కొందరికి కోచింగ్ సెంటర్ దూరం. ఒక్కడు మాత్రం పరీక్ష రోజు మర్చిపోయాడట.

కింద కూర్చుని రంగధామం రోజూ పైకి అరిచేవాడు.

"ఏమైనా తాగావా?"

"మంచు తాగాను నాన్నా."

"దాంతో ఏమవుతుందే."

"కడుపు తేలిగ్గా ఉంది."

ఆ తేలిక మాట వింటేనే ఆయనకి గుండె బరువెక్కేది. రోజురోజుకీ పిల్ల నీడ సన్నబడుతోంది. ఎలాగైనా బయటిది కాదని ఒక స్థానికపత్రం సంపాదించి దాన్ని కిందికి, తల్లి దగ్గరికి దించాలి. ఆయనకి వేరే ఆలోచన లేదు. అందుకే చుట్టుపక్కల జరుగుతున్నది సరిగ్గా చూడలేదు.

జరుగుతున్నదేమిటంటే, సుడులన్నీ కలిసిపోయాయి. నిన్నటిదాకా రసం వచ్చిన పిలకలో ఇవాళ మూతి గుచ్చితే పొట్టు వచ్చింది. నాగులు తన సెంటర్ మీద 'శాఖ మార్చబడింది' అని బోర్డు తగిలించి, బంధువుల్ని వెంటపెట్టుకుని గట్టెక్కి, కాళ్ళు ఉన్నవాడికి తొందరేముందన్నట్టు నింపాదిగా నడుచుకుంటూ పోయాడు. కోచింగ్ పూర్తిచేసిన పిల్లలు మాత్రం కడుపులు మోసుకుంటూ పిలక నుంచి పిలకకి దొర్లుతున్నారు. రెక్కలు విప్పి చూశారు. రెక్కలు లేచాయి గానీ కడుపులు లేవలేదు.

దుబ్బేశ్వరరావు చివరి సభ పెట్టాడు.

"కొత్త మడికి వెళ్ళాలి. ఎగరాలి," అన్నాడు.

"మనకి రెక్కలు లేవు కదండీ," అన్నారెవరో.

"లేవని ఎవరన్నారు?"

అందరూ పత్రాలు తీసి చూపించారు. దుబ్బేశ్వరరావు వాటిని తీక్షణంగా చూశాడు.

"ఏమయ్యా రంగధామం. వీళ్ళల్లో చాలామందికి రెక్కలుండేవి కదూ?"

"ఉండేవండి."

"నువ్వు లేవని రాశాక?"

"లేనట్టేనండి."

"మరి అక్కడే ఉంది కిటుకు. లేవని రాస్తే ఉన్నవి పోయాయి. ఉన్నాయని రాస్తే లేనివి ఎందుకు రావు?"

సభ నివ్వెరపోయింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. ఎండిపోతున్న ఆ మడిలో ఆఖరిసారి చప్పట్లు మోగాయి.

"అందరికీ 'రెక్కలు కలవని ధ్రువపత్రం' రాయి. మొదటిది నాకు," అన్నాడు అధ్యక్షుడు.

"అలాగేనండి. తమరు ఒక చిన్న దయ చూపించాలి. మా అమ్మాయికి స్థానికురాలని ఒక్క సంతకం..."

"అంతేనా," అని దుబ్బేశ్వరరావు చూడకుండానే సంతకం గీకి పారేశాడు.

రంగధామం రెండువేల పత్రాలు ఒక్క బిగిన రాశాడు. ఆఖరి ముద్ర వేసి, కూతురి పత్రం నోట కరుచుకుని, ఆకు ఎక్కడం మొదలుపెట్టాడు. జన్మలో పైకి ఎక్కినవాడు కాదు. గుమాస్తా కడుపు ఆయనది. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారాడు.

కొసకి చేరి చూస్తే, హైమ ఆకుని నాలుగు కాళ్ళతో కరుచుకుని ఉంది. ఎముకలుంటే లెక్కపెట్టవచ్చు, అంత చిక్కింది.

"నాన్నా, నువ్వెలా ఎక్కావు?"

"మెల్లగా."

"పత్రం వచ్చిందా?"

"వచ్చింది."

"ఇలా ఇవ్వు నాన్నా, దిగిపోతాను. పొద్దుటినుంచి గాలి ఎక్కువైంది. ఆకు ఊగుతుంటే కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. భయంగా ఉంది. అమ్మ పక్కన కూర్చుంటాను."

రంగధామం పత్రం ఇవ్వబోయాడు. ఇవ్వబోతూ, అంత ఎత్తు మీదికి వచ్చాం కదా అని ఒకసారి చుట్టూ చూశాడు.

ఆయన జీవితమంతా ఒక పిలక మొదట్లో గడిచింది. ముందు పిలక, వెనక పిలక, అదే లోకం. ఇప్పుడు మడి మొత్తం ఒకేసారి కనబడింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గడ్డి. పచ్చనిది ఒక్క పోచ లేదు. కిందికి పంపితే ఈ పిల్ల కూర్చోవడానికి తల్లి పక్కన చోటైతే ఉంది, ఆ చోట్లో తాగడానికి ఏమీ లేదు. కింద గాలి కూడా లేదు. చాలా దూరంలో, రోడ్డుకి అవతల, తూర్పున, ఒక సన్నటి ఆకుపచ్చ గీత ఉంది.

చుట్టూ ఆకు కొసల మీద ఆయన తిరస్కరించినవాళ్ళంతా ఉన్నారు. బక్కచిక్కి, రెక్కలు గాలికి అల్లల్లాడుతూ. వాళ్ళల్లో ఒకడు అప్పుడే ఆకు వదిలేశాడు. పడలేదు.

"నాన్నా, పత్రం," అని హైమ కాలు చాపింది.

రంగధామం పత్రాన్ని వెనక్కి లాక్కుని కడుపు కింద దాచుకున్నాడు.

"ఒక సంతకం తక్కువైందే. రేపు రా."

"రేపు రావడమేమిటి నాన్నా, నేను ఇక్కడే ఉన్నాను కదా."

"అయితే ఇక్కడే ఉండు. దిగావా, దరఖాస్తు మళ్ళీ మొదటికొస్తుంది."

"సంతకం ఎవరు పెట్టాలి?"

"పెద్దవాళ్ళు. నీకు తెలియదు. ఈలోపు ఆ రెక్కలు బాగా విప్పి ఆరబెట్టుకో. మంచుకి తడిసి ఉన్నాయి. తడి రెక్కల మీద కొలత చెల్లదు."

"అలా ఉందా నియమం?"

"నిన్ననే వచ్చింది."

హైమ తండ్రి మాట కాదనే పిల్ల కాదు, తిండి దగ్గర తప్ప. రెక్కలు విప్పింది.

"ఇంకా," అన్నాడు రంగధామం.

ఇంకా విప్పింది. అప్పుడొచ్చింది గాలి, పడమటినుంచి ఒక్క విసురున. ఆకు వంగింది. రంగధామం తన కడుపు బరువుతో ఆకుకి అతుక్కుపోయాడు. హైమకి అంటిపెట్టుకునేంత బరువు లేదు.

"నాన్నా, సంతకం..." అన్న మాట ఆయన తలమీదనుంచి పోయింది.

దాని వెనకే మిగతా వందమందీ లేచారు. కాసేపటికి అందరూ కలిసి ఒక చారెడు పొగలాగా, తర్వాత ఏమీ కానట్టుగా కనబడ్డారు. రంగధామం పత్రాన్ని బయటికి తీసి, వెనక్కి తిప్పి, అడుగున అంటుకున్న మసితో 'తూర్పు' అని రాసుకున్నాడు. అలా రాయమని ఏ నియమమూ లేదు.

కింద అధ్యక్షుడి కేక వినబడింది. "పత్రాలు పట్టుకోండి. నేను మూడు అనగానే దూకాలి."

రెండువేలమంది, ఎండిన ఆకుల అంచుల మీద, ముంగాళ్ళలో పత్రాలు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. దుబ్బేశ్వరరావు ఒకటి అన్నాడు, రెండు అన్నాడు, మూడు అన్నాడు. అందరూ దూకారు.

ఆ కింద, అడుగున మిగిలిన బెత్తెడు నీళ్ళల్లో, మధ్యాహ్నం భోజనం గురించి ఏ ఆశా పెట్టుకోకుండా ఒక కప్ప కూర్చుని ఉంది. దానికి ముందు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. తర్వాత అర్థం చేసుకునే తీరిక లేకపోయింది.

దుబ్బేశ్వరరావు నీళ్ళలో పడి లేచి, పత్రం పైకెత్తాడు. "ఏయ్, ఆగు. నాకు రెక్కలున్నాయి. ఇదిగో, ముద్ర కూడా ఉంది."

కప్ప తల వంచి పత్రాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ," అని పత్రంతో సహా మింగింది.

చాలాసేపటికి మడి సద్దుమణిగింది. రంగధామం ఆకు కొసనే ఉన్నాడు. భార్య కూడా వాళ్ళతో పాటు దూకి ఉంటుందని, పేరు పిలవడానికి కూడా ధైర్యం చాలక కూర్చున్నాడు. అప్పుడు మూడో పిలక మొదటినుంచి గొంతు వినబడింది.

"ఏవండీ, పిల్ల ఏదీ?"

"వెళ్ళిపోయిందే. గాలికి." కాస్త ఆగి, "నువ్వు దూకలేదా?" అన్నాడు.

"దూకడమా? మీరు రాసిన కాగితం నమ్మి నేనేనాడైనా గడప దాటానా?" అంది అచ్చమాంబ. అని, పైకి, పిల్ల ఉండే ఆకు కొసకేసి చూసింది. తర్వాత అంది, "దిగి రండి. ఈ పిలక వేరు దగ్గర ఇంకో రెండు గుక్కలున్నట్టున్నాయి. చెరొకటి."

రంగధామం దిగాడు. రెండడుగులు దిగితే మూడడుగులు జారాడు.

కాబట్టి నాయనలారా, నీతి ఏమిటంటే: ఏ ఆఫీసులోనైనా మీ పని కాకపోతే దిగులుపడకండి, పని అయినవాళ్ళంతా ఇప్పుడెక్కడున్నారో వెళ్ళి కప్పని అడగండి.